పనిచోట పితూరీ

తెలుగులో పితూరీ అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. చిన్నవాడు అన్న మీద అమ్మకు చెప్పేదీ పితూరీయే, 1879లో గోదావరి మన్యంలో రంప కొండల జనం తిరగబడిందీ పితూరీయే. అప్పటి ప్రభుత్వ కాగితాల్లో కూడా ఆ తిరుగుబాటుకు ఇదే పేరు. కల్లు మీద కొత్త పన్ను, మన్సబుదారు దోపిడీ, మైదానం నుంచి వచ్చిన వర్తకుల అప్పుల బెడద. వీటి గురించి కొండజనం చెప్పుకుంటే వినే చెవి లేకపోయింది. చెప్పుకోవడానికి చోటు లేనిచోట తిరగబడటం ఒక్కటే మిగులుతుంది.

ఈనాటి కార్యాలయాల్లోనూ ఈ రెండర్థాల తికమక పోలేదు. ఉద్యోగి ఒక ఇబ్బంది గురించి కాగితం రాసిస్తే, రాసినవాడి మనసులో ఉన్నది మొదటి అర్థం. చదివే పైఅధికారికి చాలాసార్లు తోచేది రెండోది. అందుకే పనిచోట నోరు విప్పాలా వద్దా అన్నది మన ఉద్యోగ జీవితాల్లో తెగని ప్రశ్నగా ఉండిపోయింది. పెద్దల సలహా కూడా రెండు రకాలుగా ఉంటుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నీళ్లలో ఉండి మొసలితో వైరమెందుకనీ అంటారు. రెండూ అనుభవంలోంచి వచ్చినవే కాబట్టి ఏదీ తీసిపారేయలేం.

అర్థశాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, విమాన ప్రమాదాలను విచారించినవారు, న్యాయస్థానాలు, చట్టసభలు గత యాభై ఏళ్లుగా ఈ ప్రశ్న మీద చాలా పని చేశారు. అందులో ముఖ్యమైనవి ఒకచోట చేర్చి చూడటానికే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ‘ఫలితం ఉంటుందా’ అన్నది రెండో ప్రశ్న. ‘నేను ఊరుకుంటే నష్టం ఎవరికి’ అన్నది మొదటిది.

ముందు మాటలను వేరు చేసుకోవాలి. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర మేనేజరు గురించి చెప్పుకునేది గొణుగుడు. పక్కవాడి తప్పును పైవాడి చెవిన వేసి తన పరపతి పెంచుకోవడం చాడీ. ఫలానా తేదీన ఫలానా విధంగా జరిగింది, దీన్ని ఇలా సరిచేయండి అని, సరిచేసే అధికారం ఉన్న మనిషికి చెప్పేది ఫిర్యాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ కొవాల్‌స్కీ 1996లో ఫిర్యాదుల మీద రాసిన సమీక్షలో ఇలాంటి విభజనే చేసింది. కొన్ని ఫిర్యాదులు మనసులో బరువు దించుకోవడానికి, కొన్ని పని జరిపించుకోవడానికి. ఒకదాని నుంచి రెండోదాని ఫలితం ఆశించడం వల్లే సగం నిరాశ కలుగుతుంది.

కోపం కక్కేస్తే తేలికవుతామని మనందరి నమ్మకం. 2002లో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించాడు. ముందు వాళ్లకు కోపం తెప్పించారు. తరవాత కొందరిని ఆ కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ ఇసుక సంచీని గుద్దమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. మిగిలినవారిని ఊరికే కూర్చోబెట్టారు. మనిషిని తలచుకుంటూ గుద్దినవాళ్ల కోపమే అందరికన్నా ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే దూకుడు తక్కువ చూపారు. అదే ఏడాది అమాండా రోజ్ అనే పరిశోధకురాలు బడిపిల్లల స్నేహాలను గమనించి, ఒకే సమస్యను ఇద్దరూ కలిసి మళ్లీ మళ్లీ తవ్వుకుంటే స్నేహం గట్టిపడుతుందనీ, దాంతోపాటు దిగులూ పెరుగుతుందనీ చెప్పింది. టీ కొట్టు స్నేహాల్లో ఇరవయ్యేళ్లు గడిపినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అయినా గొణుగుడును పూర్తిగా కొట్టిపారేయలేను. ఇబ్బంది నా ఒక్కడిదేనా, అందరిదీనా అన్నది తెలిసేది అక్కడే. నేను ఒక పత్రిక డెస్కులో రాత్రి షిఫ్టు చేసిన రోజుల్లో అర్ధరాత్రి దాటాక ఇంటి దగ్గర దింపే వాహనం వేళకు వచ్చేది కాదు. డెస్కులో ఇద్దరు ఆడపిల్లలు పనిచేసేవారు. ఒంటిగంటకు పేజీలు వెళ్లిపోయాక గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడేవారు. దాదాపు ఎనిమిది నెలలు అందరం దాని గురించి మాట్లాడుకున్నాం, యాజమాన్యాన్ని తిట్టుకున్నాం. చివరికి ఆ ఇద్దరిలో ఒకామె ఒక నెలపాటు డైరీలో రాసుకుంది: ఏ తేదీన పేజీలు ఎన్నింటికి వెళ్లాయి, బండి ఎన్నింటికి వచ్చింది, ఆ రాత్రి డ్రైవరు ఎవరు. పదకొండు రాత్రులు బండి ఆలస్యమైందని లెక్క తేలింది. ఒక్క పేజీ రాసి మేనేజరుకు ఇచ్చింది. అందులో ఎవరినీ తిట్టలేదు. ‘బండిని పన్నెండున్నరకే గేటు దగ్గర ఉంచండి’ అని చివరి వాక్యంలో అడిగింది. వారం తిరక్కుండా మారింది. ఎనిమిది నెలల మా కోపం చేయలేని పనిని ఆ లెక్క చేసింది. కోరేదేమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఫిర్యాదు ఇంకా పండలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఈ విషయంలో మొదట చదవాల్సిన పుస్తకం ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’. చిన్న పుస్తకం. ఒక సంస్థ దిగజారుతుంటే అందులోని వాళ్లకు రెండు దారులుంటాయి: వెళ్లిపోవడం లేదా నోరు విప్పడం. ఏది ఎంచుకుంటారన్నది సంస్థ మీద వాళ్లకున్న మమకారాన్ని బట్టి ఉంటుంది. ఈ ఆలోచన ఆయనకు నైజీరియా రైళ్లను చూసినప్పుడు వచ్చింది. ఉత్తరాన పండే వేరుశనగను వందల మైళ్ల దూరంలోని ఓడరేవులకు చేర్చడంలో లారీలు రైలును మించిపోయాయి. అంత దూరం సరుకు మోయడంలో రైలు గెలవాలి కదా, పోటీ ఉన్నప్పుడు రైల్వే మేలుకోవాలి కదా! మేలుకోలేదు. లారీలు ఉండటం వల్ల గట్టిగా అడగగలిగిన వ్యాపారులందరూ అటు వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల గొంతుకు బలం లేదు. అడిగేవాళ్లు పోయాక రైల్వేకి మారాల్సిన అవసరమే కనిపించలేదు.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఏళ్లుగా జరుగుతున్నదీ ఇదే. పనితనం ఉన్నవాడు ఇబ్బంది చెప్పడు, వేరే ఆఫర్ లెటర్ తెచ్చుకుంటాడు. నోటీసు పీరియడ్ చివరి రోజున హెచ్‌ఆర్ అడిగినప్పుడు మొత్తం వెళ్లగక్కుతాడు. అప్పటికి ఆ మాటకు పట్టు పోయి ఉంటుంది. వెళ్లిపోయేవాడి ఫిర్యాదు విని మార్చాల్సిన ఒత్తిడి ఎవరి మీదా ఉండదు. ఉండదలచినవాడి మాటకే బరువు. అయితే వెళ్లగల శక్తి కూడా ఉన్నవాడైతే ఆ మాటకు మరింత బరువొస్తుంది. ఇంకో ఉద్యోగం దొరికే నమ్మకం, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉన్నవాడు చెప్పే మాట గట్టిగా ఉంటుంది. ఇది న్యాయం కాకపోవచ్చు గానీ వాస్తవం. ఫిర్యాదుకు ముందు బ్యాంకు పాసుపుస్తకం కూడా ఒకసారి చూసుకోమని చిన్నవాళ్లకు నేను చెబుతుంటాను.

ఎందుకంటే నోరు విప్పితే నష్టం ఉంటుంది. దీన్ని దాచి ధైర్యం చెప్పేవాళ్లు మేలు చేయడం లేదు. 2001లో సీబర్ట్, క్రైమర్, క్రాంట్ అనే ముగ్గురు పరిశోధకులు ఉద్యోగులను రెండేళ్లపాటు గమనించారు. చొరవగా కొత్త పద్ధతులు తెచ్చినవాళ్లు పైకి వచ్చారు. లోపాలు ఎత్తిచూపుతూ గళమెత్తినవాళ్లకు జీతం పెరుగుదల, ప్రమోషన్లు తక్కువగా దక్కాయి. 2012లో ఈథన్ బరిస్ చేసిన అధ్యయనంలో, ఉన్న పద్ధతిని సవాలు చేస్తూ మాట్లాడిన ఉద్యోగుల పనితీరును మేనేజర్లు తక్కువగా అంచనా వేశారు. అమెరికాలో ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు తీసుకునే సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఇటీవలి ఏళ్లలో వస్తున్న కేసుల్లో సుమారు సగంలో, ఫిర్యాదు చేసినందుకు తమ మీద కక్ష సాధించారన్న ఆరోపణ ఉంటోంది. చట్టం పటిష్ఠంగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది. మన దగ్గర కక్ష మెమోగా వస్తుంది, మారుమూలకు బదిలీగా వస్తుంది, ఏడాది చివర రేటింగు రూపంలో వస్తుంది. ప్రైవేటులో ఒక్కోసారి రేపట్నించి రావద్దన్న ఫోన్‌గా వస్తుంది.

భయం ఒక్కటే నోరు మూయిస్తుందనుకోవడం కూడా పొరపాటు. 2003లో ఫ్రాన్సెస్ మిల్లికెన్, ఎలిజబెత్ మోరిసన్, మరొక సహచరి కలిసి 40 మంది ఉద్యోగులతో మాట్లాడారు. ముఖ్యమైన విషయం ఉండి కూడా పైవాళ్లకు చెప్పలేకపోయిన సందర్భం తమ జీవితంలో ఉందని 85 శాతం మంది ఒప్పుకున్నారు. గొడవమనిషిగా ముద్ర పడుతుందనీ, సంబంధాలు చెడతాయనీ, చెప్పినా ఒరిగేదేమీ లేదనీ కారణాలు చెప్పారు. ఆ తరవాత జేమ్స్ డెటర్ట్ బృందం చేసిన అధ్యయనాల్లో భయం కన్నా ఈ చివరి కారణమే ఎక్కువగా వినిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఎందుకూదాలి అనుకుని మనుషులు ఊరుకుంటున్నారు. డెటర్ట్, ఏమీ ఎడ్మండ్‌సన్ 2011లో ఇంకో సంగతి కూడా గుర్తించారు. ఈ నమ్మకాల్లో చాలావరకు ఆ ఉద్యోగి సొంత అనుభవంలోంచి వచ్చినవి కావు. నలుగురిలో బాసును తప్పుపట్టకూడదు, పూర్తి రుజువు లేకుండా మాట్లాడకూడదు అన్న సూత్రాలు ఎప్పుడో ఎక్కడో నేర్చుకున్నవి. మన విషయంలో అయితే ఆ నేర్చుకోవడం తరగతి గదిలో చేయి ఎత్తి ప్రశ్న అడిగితే కసురుకున్న రోజునే మొదలైంది. ఇప్పటి మేనేజరు నిజంగా వినడో, చిన్నప్పటి మాస్టారు వినలేదని ఇప్పుడూ నోరు మెదపడం లేదో ఎవరికి వారే తేల్చుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది లాభనష్టాల లెక్క. జీతం, సెలవులు, షిఫ్టు, కుర్చీ, గుర్తింపు: ఇలాంటివాటికి ఈ లెక్క సరిపోతుంది. ఊరుకుంటే నష్టపోయేది నేనే, కాబట్టి ఊరుకోవాలా మాట్లాడాలా అన్న నిర్ణయం కూడా నాదే. ఇప్పుడు వద్దు, అప్రైజల్ అయ్యాక చూద్దాం అనుకోవడంలో తప్పు లేదు. కానీ ఈ లెక్క పనికిరాని చోట్లున్నాయి. వాటి దగ్గర కాస్త ఆగాలి.

1977 మార్చి 27న టెనెరీఫ్ దీవి విమానాశ్రయంలో మంచు కమ్ముకుంది. ఒకే రన్‌వే మీద రెండు పెద్ద విమానాలున్నాయి. కేఎల్ఎం విమానం కెప్టెన్ ఆ సంస్థలో అందరికన్నా పేరున్న పైలట్, ఇతరులకు శిక్షణ ఇచ్చేవాడు. అనుమతి రాకముందే ఆయన బయలుదేరాడు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీరుకు రేడియోలో విన్న మాటల వల్ల అనుమానం వచ్చింది. ఆ పాన్ అమెరికన్ విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదేమో అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా బదులిచ్చాడు. ఇంజినీరు మళ్లీ అడగలేదు. కొద్ది క్షణాల్లో రెండు విమానాలు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఆ ఇంజినీరు మాట్లాడలేదని ఎవరూ అనలేరు, ఒకసారి మాట్లాడాడు. రెండోసారి మాట్లాడటానికి అడ్డుపడింది ఎదుటి మనిషి హోదా. ఈ ప్రమాదం, ఆ దశాబ్దంలో జరిగిన మరికొన్ని ప్రమాదాల తరవాత, కింది ఉద్యోగి తన అభ్యంతరాన్ని స్పష్టంగా, అవసరమైతే మళ్లీ మళ్లీ ఎలా చెప్పాలో, కెప్టెన్ ఎలా వినాలో నేర్పే శిక్షణ విమానయానంలో ఒక భాగమైంది. ఫిర్యాదు చేయడాన్ని ఒక వృత్తి నైపుణ్యంగా నేర్పిన మొదటి రంగం అదే అనుకుంటాను.

1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది, ఏడుగురూ మరణించారు. రాకెట్ల కంపెనీ మోర్టన్ థియోకోల్‌లో రోజర్ బోయిజోలీ అనే ఇంజినీరు అంతకు ఆరు నెలల ముందే, రబ్బరు సీళ్లు విఫలమైతే ప్రాణనష్టం జరుగుతుందని మెమో రాశాడు. ప్రయోగానికి ముందు రాత్రి ఆయనా, సహచరులూ ఈ చలిలో వద్దని వాదించారు. పై అధికారులు ముందు ఒప్పుకుని, తరవాత మాట మార్చారు. ఫలితాన్ని బట్టి చూస్తే ఆ ఫిర్యాదు విఫలమైంది. దాని విలువ తరవాత తెలిసింది. ప్రమాదం ఎందుకు జరిగిందో, ఎవరికి ఎప్పుడు తెలుసో విచారణ సంఘం బయటపెట్టగలిగిందంటే ఆ కాగితం ఉండబట్టే.

భోపాల్ మన దేశంలో జరిగింది. 1981 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో ఫాస్‌జీన్ విషవాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో కార్మికులు ఊళ్లో పోస్టర్లు అతికించి ప్రమాదం గురించి హెచ్చరించారు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు అదే ఏడాది తన చిన్న వారపత్రికలో, మళ్లీ 1984లో ‘జన్‌సత్తా’లో ఊరికి పెను ప్రమాదం పొంచి ఉందని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి తరవాత ఏం జరిగిందో ప్రపంచానికి తెలుసు. మన ఇంటి పక్కకే వస్తే, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. యంత్రాలు పాతబడ్డాయని సిబ్బంది పదేపదే చెప్పినా యాజమాన్యం వినలేదని తన తండ్రి ఇంట్లో చెప్పేవాడని మృతుల్లో ఒకరి కొడుకు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఉంది. అది ఆరోపణ, తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ ప్రతి పారిశ్రామికవాడలోనూ ఇలా ఇంట్లో చెప్పుకునే తండ్రులు ఉన్నారని మనకు తెలుసు.

ఈ కథల్లో మాట్లాడినవాళ్లెవరూ ప్రమాదాన్ని ఆపలేకపోయారు. అందువల్ల మాట్లాడి ప్రయోజనం లేదని తేల్చుకోవచ్చా? నేను ఒప్పుకోను. మాట్లాడినా ఆగకపోవచ్చు, మాట్లాడకపోతే ఆగే అవకాశమే ఉండదు. పైగా ఊరుకున్నందుకు మూల్యం చెల్లించేది మనం కాదు. విమానంలో ప్రయాణికులు, గోడ అవతల బస్తీలో నిద్రపోతున్న జనం, రేపు ఆ యంత్రం దగ్గర నిలబడబోయే బిహారీ కాంట్రాక్టు కూలీ. వాళ్ల ప్రాణాలు పెట్టుబడిగా పెట్టి నా ప్రమోషన్ లెక్క వేసుకునే హక్కు నాకు లేదు. ఆసుపత్రిలో మందు మోతాదు తప్పు, వంతెన కాంక్రీటులో సిమెంటు తక్కువ, బడిబస్సు బ్రేకులు: ఇలాంటి చోట ఫలితం గురించిన ప్రశ్నకు ముందే జవాబు వచ్చేసింది. ఎలా చెప్పాలన్నదే ఆలోచించాలి.

ఎలా అన్నప్పుడు, ఒంటరిగానా కలిసా అన్నది ముఖ్యం. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోని తంగిరాల సుబ్రహ్మణ్యం, బెంగళూరు ఐఐఎంలోని ఎక్కిరాల శ్రీనివాస్ మరో ఇద్దరితో కలిసి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక సమస్య ఎంత ఎక్కువమందికి తెలిస్తే, వారిలో ఒక్కొక్కరు దాన్ని పైకి చెప్పే అవకాశం అంత తగ్గుతుందని తేల్చారు. అందరికీ తెలిసిందే కదా, ఇంకెవరైనా చెబుతారులే అని ప్రతివాడూ అనుకుంటాడు. పిల్లి మెడలో గంట కథ ఇదే. అందుకని ‘ఇది అందరికీ తెలుసు’ అన్న మాట వినిపించిన రోజున, ఇంతవరకూ ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదని అర్థం చేసుకోవచ్చు.

కలిసి చెప్పడానికి పాత సాధనం సంఘం. రిచర్డ్ ఫ్రీమన్, జేమ్స్ మెడాఫ్ 1984లో అమెరికా కార్మిక సంఘాల మీద రాసిన పుస్తకంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. సంఘం ఉన్నచోట ఉద్యోగులు అసంతృప్తి ఎక్కువ వెలిబుచ్చుతారు, ఉద్యోగం మాత్రం తక్కువగా మానేస్తారు. చెప్పుకునే చోటు ఉంది కాబట్టి చెబుతారు, చెప్పుకోగలరు కాబట్టి ఉంటారు. మన దగ్గర 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం (ఎస్మా) ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. 42 రోజుల తరవాత చర్చల మీద విరమించారు. ఒక పల్లెలో ఒక్క కార్యకర్త తన గౌరవ వేతనం గురించి సూపర్వైజరును అడిగి ఉంటే ఆమెకు దక్కేది చీవాట్లు. జీతం, పనిగంటలు, పనిభారం లాంటి అందరి సమస్యలను ఒక్కరే నెత్తిన వేసుకోకూడదు. ఒక్కరికే జరిగిన అవమానానికి, వేధింపుకు మాత్రం అందరూ కూడే దాకా ఆగనక్కర్లేదు. దానికి వేరే దారులున్నాయి.

ఆ దారులు మనలో చాలామందికి తెలియవు. లైంగిక వేధింపుల సంగతే చూడండి. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవి మీద 1992లో జరిగిన దారుణం నుంచి, ‘విశాఖ’ అనే సంస్థ వేసిన కేసులో 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తీర్పు నుంచి 2013 చట్టం వచ్చింది. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే అయివుండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులొకరు తప్పనిసరి. పదిమంది లేని చోట, ఇళ్లలో పనిచేసేవారికి, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాసివ్వాలి, సరైన కారణముంటే మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామె మీద చర్య తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. ఈ మాట ప్రతి ఆడపిల్లకూ ఉద్యోగంలో చేరిన రోజునే చెప్పాలి.

మిగతా తగాదాలకు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒక వేదిక చూపిస్తోంది. 20 మంది, అంతకుమించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికులు సమానంగా, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. వివాదం తలెత్తిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. అయితే మేనేజరు హోదాలో ఉన్నవారు, నెలకు 18 వేల రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్వైజర్లు ఈ చట్టం దృష్టిలో కార్మికులు కారు. నగరాల్లో జీతగాళ్లలో పెద్ద వర్గం ఇలా బయటే ఉండిపోతోంది. ఇది చట్టంలో పెద్ద లోటని నా అభిప్రాయం.

అవినీతిని బయటపెట్టేవారి పరిస్థితి మరీ కష్టం. సత్యేంద్ర దూబే అనే యువ ఇంజినీరు స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరాడు. ఉత్తరం పేరుతో సహా కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్యని సీబీఐ చెప్పింది, 2010లో ముగ్గురికి శిక్ష పడింది. హత్యకు కారణం ఏదైనా, పేరు దాచమన్న మనిషి పేరు దాచలేకపోయిన వ్యవస్థ తప్పు తప్పుగానే ఉంది. దాని తరవాతే 2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది. సీలు వేసిన కవరు లోపల పేరు, చిరునామా ఉండాలి, వాటిని కమిషన్ బయటపెట్టదు. ఆకాశరామన్న ఉత్తరాలను మాత్రం అక్కడ తీసుకోరు. రక్షణ కల్పించే పూర్తిస్థాయి చట్టాన్ని పార్లమెంటు 2014లో ఆమోదించింది, కానీ ఇప్పటికీ అమల్లోకి తేలేదు. ప్రజలను మాట్లాడమని ఊరించి, గొడుగు పట్టకుండా వానలో వదిలేయడం ఇది.

దూరదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి కాస్త వేరు. అమెరికాలో హెచ్1బీ వీసా మీద పనిచేసే తెలుగు కుర్రాడికి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువే ఉంటుంది. అందుకే జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టినా కిక్కురుమనడు. నిజానికి అలా కూర్చోబెట్టడం అక్కడ చట్టవిరుద్ధం. ఏడాదిలోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, చేసినందుకు యజమాని కక్ష సాధించకూడదు. గల్ఫ్‌లోని నిజామాబాద్, జగిత్యాల కార్మికులకు భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్ ఉంది. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉన్న మనిషికి ఫోటో తీసిన ఒప్పంద పత్రం, నెలనెలా జీతం పడిన బ్యాంకు మెసేజీలే పెద్ద ఆయుధం.

ఇక ఊరుకోవడమే మంచిదనిపించే సందర్భాలూ ఉన్నాయి. నాకు నచ్చని నిర్ణయమే గానీ ఎవరికీ అన్యాయం జరగనప్పుడు. మార్చగలిగే మనిషి ఎవరో ఇంకా తెలియనప్పుడు. కోపం ఇంకా వేడిగా ఉన్నప్పుడు. అలాంటప్పుడు ఉత్తరం రాసి, రెండు రాత్రులు డ్రాఫ్టులో ఉంచి, మళ్లీ చదివితే సగం వాక్యాలు మనమే కొట్టేస్తాం. ఇబ్బంది పెట్టేవాడే ఫిర్యాదు వినేవాడైనప్పుడు అతని దగ్గరకే వెళ్లడంలో అర్థం లేదు, ఆపై మెట్టుకు వెళ్లాలి. రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పినా ఆ సంస్థ కదలకపోతే, ప్రాణాపాయం లేని విషయమైతే, వెళ్లిపోవడం ఓటమి కాదు. ఆరోగ్యం పాడుచేసుకుని గెలిచిన ఫిర్యాదును గెలుపని నేను అనలేను.

చివరిగా ఒక మాట వినే కుర్చీలో ఉన్నవాళ్లకు. 1990లలో ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి వార్డులను అధ్యయనం చేసినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ తప్పులు ఎక్కువ జరిగి కాదు, చెప్పడానికి నర్సులు భయపడలేదు కాబట్టి. టయోటా కర్మాగారంలో లోపం చూసిన ఏ కార్మికుడైనా సంకేతం ఇచ్చి లైను ఆపించవచ్చు. అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతున్న వ్యవస్థలో పైలట్లు తమ పొరపాట్లను తామే గోప్యంగా రాసి పంపుతారు. మీ విభాగం నుంచి ఏడాదిగా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే అంతా బాగుందని సంతోషించకండి, మీకు చెప్పడం ఎప్పుడు మానేశారో కనుక్కోండి. వచ్చిన ఫిర్యాదుకు, అది చేయలేని పనైనా, ఎందుకు చేయలేమో వారంలోగా ఒక వాక్యం రాసి పంపండి.

పాఠకులకు కూడా ఒక చిన్న పని. 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీని నియమించిన ఉత్తర్వును పనిచోట అందరికీ కనబడేలా పెట్టడం యజమాని బాధ్యత. రేపు ఆఫీసుకు వెళ్లగానే ఆ కాగితం మీ గోడ మీద ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి, రాతపూర్వకంగా అడగండి.